పక్క కుర్చీలో రుమాలు

రాయదుర్గంలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మీద ఉచిత ఉపన్యాసమంటే ఏమనుకున్నారు! ఇసుక వేస్తే రాలనంత జనం. డాలరు పేరెత్తితే చాలు, పెళ్లిభోజనానికి వచ్చినట్టు వచ్చేస్తారు.

అలాంటి హాల్లో జనార్దనరావు పక్క కుర్చీ మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. తెనాలి బస్సుల్లో కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపిన అలవాటు. ఇక్కడ మాత్రం ఆయన కోసం వచ్చేవాళ్లెవరూ లేరు. గచ్చిబౌలిలో లెక్కల ఉద్యోగం, లింగంపల్లిలో ఒంటిగది. ఒంటరివాడని ఎవరూ అనుకోకూడదని ప్రతి ఉపన్యాసానికీ ఆ రుమాలు పరుస్తాడు. దాన్ని చూసి అక్కడ ఎవరూ కూర్చోరు.

వేదిక మీద ఆచార్యులవారు వడ్డీ రేట్లు ఎందుకు పెంచుతారో చెబుతుండగా, బట్టతల పెద్దమనిషి ఒకాయన వచ్చి వంగాడు.

"ఈడ ఎవరన్న వస్తున్నరా అన్నా?"

"ఆఁ, వస్తున్నారండి" అన్న పాత అబద్ధం జనార్దనరావు నాలుక చివరిదాకా వచ్చింది. అది పలికితే మళ్లీ సోమవారం ఆఫీసుకు వెళ్లేదాకా ఆయనతో మాట్లాడే మనిషి లేడు. రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరూ రావట్లేదండి. కూర్చోండి."

"పోయినసారి గూడ రుమాలే కూసున్నది గద! దానికన్న సమజయిందా, ఈ వడ్డీ ముచ్చట?"

జనార్దనరావు నవ్వాడు. అలవాటు తప్పిన నవ్వు కదా, దగ్గులా వినబడింది.

ఇసుక వేస్తే రాలదన్నానే, అదొక్కటే నా కల్పన. ఆ సాయంత్రం హాల్లో కుర్చీలు చాలావరకు ఖాళీయే. ఆ బట్టతలాయన వాటన్నిటినీ దాటుకుంటూ వచ్చాడు.