దగ్గితే వినపడేంత దూరం

నేను ఒక గుడారాన్ని. పెద్దవాళ్లు పడుకోవడానికని కుట్టిన గుడారాన్ని. నా పదకొండేళ్ల బతుకులో చివరి నాలుగేళ్లు నాలో ఒక్క మనిషీ పడుకోలేదు. ఇప్పుడు బడి స్టోర్ రూములో ఒక మూలకు నన్ను కుక్కి, గోడ మీద సుద్దముక్కతో "పనికిరాదు" అని రాశారు. పనికిరానిది ఎవరో నేను చెప్పేది విన్నాక మీరే అనుకోండి.

నన్ను కుట్టింది ఒంగోలులో సుభానీ అనే దర్జీ. కుట్టించింది సువార్తమ్మ టీచరుగారు. ఆవిడ బడిలో లెక్కలు చెప్పేవారు, గైడ్స్ ఆడపిల్లల్ని ఏటా క్యాంపుకు తీసుకెళ్లేవారు.

"రెండు మంచాలు పట్టాల సుభానీ. రెండు పక్కలా కిటికీలు పెట్టు" అన్నారావిడ.

"గుడారానికి కిటికీలేంది టీచరమ్మా. దోమల్ని పిలుచుకోను దారా?"

"రెండు పక్కలా పిల్లలు పండుకుంటారయ్యా. మేం మధ్యలో ఉంటాం. పడుకున్నచోట కళ్లు తెరిస్తే వాళ్ల గుడారాలు కనపడాల."

సుభానీ ఇంక నవ్వలేదు. కిటికీలకు రెండు వరుసల కుట్టు వేశాడు. ఈ రోజుకీ అందులో ఒక్క పోగు ఊడలేదు.

సువార్తమ్మగారికి ఒక పద్ధతి ఉండేది. క్యాంపులో దిగగానే ముందు పిల్లల గుడారాలు వేయించేవారు. తర్వాత ఒక్కో గుడారంలో ఒక పిల్లను పడుకోబెట్టి దగ్గమనేవారు. ఆ దగ్గు ఎక్కడిదాకా వినపడితే అక్కడే నా మేకులు దిగేవి. "పిల్ల దగ్గితే మనకు వినపడాల. మనం చెయ్యి చాపితే పిల్ల అందకూడదు" అనేవారు. పెద్దవాళ్లు పిల్లల గుడారంలో పడుకోకూడదు. పిల్లలు నాలోకి రాకూడదు. ఏ పిల్ల పిలిచినా ఇద్దరు టీచర్లూ లేచి, టార్చి వేసి, గుమ్మం బయటే మాట్లాడాలి. ఒక్కరే లేచి వెళ్లకూడదు. అందుకే రెండు మంచాలు. "ఒకే పెద్దమనిషి ఉండే చోటికి నా కూతుర్నయితే నేను పంపను" అని ఆవిడ ఎన్నిసార్లన్నారో.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. గాలి వీస్తే తాడు తెగుతుందేమోనని, ఆకు కదిలితే పామేమోనని, ఏ పిల్లకు జ్వరం వస్తుందో, ఏ పిల్ల దారి తప్పుతుందోనని తెల్లవార్లూ బిగుసుకునే ఉండేదాన్ని. అయినా లోపల ఇద్దరు మనుషుల ఊపిరి వినపడుతుంటే ధైర్యంగా ఉండేది.

సువార్తమ్మగారు రిటైరయ్యారు. ప్రసూనాంబ మేడం వచ్చారు.

కొత్త మేడం మొదటి ఏడాదే కొండ కింద జీడిమామిడి తోటలో నన్ను వేయించి, లోపలికి తొంగి చూసి ముక్కు మూసుకున్నారు. రోడ్డుకు అవతల, అర కిలోమీటరు దూరంలో ఒక గెస్ట్ హౌస్ ఉంది. దాంట్లో ఏసీ ఉంది. పిల్లలు పడుకున్నాక ఆవిడా, తోడు వచ్చిన ఇంకో మేడమూ నా వెనక తెర ఎత్తుకుని అక్కడికి వెళ్లిపోయారు. పోతూ పోతూ నా గుమ్మం ముందు రెండు జతల పాత చెప్పులు పెట్టారు. లోపల ఒక లైటు వేలాడదీశారు.

"చెప్పులు కనపడితే చాలు. ఒక్కతీ కిక్కురుమనదు" అంది ప్రసూనాంబ మేడం.

ఆ చెప్పులు ఎవరివో నాకు తెలియదు. మేకుల సంచిలోనే పెట్టి ఏటా తెచ్చేవాళ్లు. పొద్దున్నే ఇద్దరూ స్నానాలు చేసి, వెనక తెరలోంచి దూరి, ముందు గుమ్మంలోంచి ఆవులిస్తూ బయటికొచ్చేవాళ్లు. పిల్లలు వరసగా నిలబడి నమస్కారం పెట్టేవాళ్లు. సువార్తమ్మగారు పెట్టిన నియమాలన్నిట్లో వీళ్లు ఉంచుకున్నది ఒక్కటే: పిల్లలు నాలోకి రాకూడదు.

నాలుగో ఏడాది క్యాంపు ముందు బడి వరండాలో తల్లుల మీటింగు జరిగింది. నన్ను పక్కనే ఎండకు ఆరేశారు. ఆరో తరగతి భవిత వాళ్లమ్మ మాలకొండమ్మ లేచి నిలబడింది.

"రాత్రిళ్లు మేడంగార్లు యాడ పండుకుంటారమ్మా?"

"నాయకుల గుడారంలో. పిల్లల పక్కనే."

"పక్కనంటే ఎంత దూరం?"

"టేపు తెప్పించమంటారా?" అంది ప్రసూనాంబ మేడం. అందరూ నవ్వారు. వెనక నుంచి ఇంకో తల్లి, "ఈమె పిల్ల దొడ్డికి పోయినా ఎనకమాలే చెంబు పట్టుకోని పోద్దిలే" అంది. నవ్వు ఇంకాస్త పెరిగింది. మాలకొండమ్మ కూచోలేదు.

"నా బిడ్డకు ఆయాసమమ్మా. ఒక్కోసారి ఉన్నట్టుండి వచ్చిద్ది."

"మందులన్నీ పేరు రాసి మాకిచ్చేయండి. పిల్లల దగ్గర ఒక్క బిళ్ల కూడా ఉండకూడదు. అడిగితే నిమిషంలో ఇస్తాం."

ఆ తల్లి, కూతురు నోట్లో పెట్టి పీల్చే పంపు మీద పేరు రాసి ఇచ్చింది. కానీ నమ్మలేదు. ఇంకో పంపు కొని దిండులో పెట్టి కుట్టేసింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రెండో రోజు రాత్రి భవితకు ఆయాసం వచ్చింది. పక్కన పడుకున్న రేష్మా పరుగెత్తుకొచ్చి నా గుమ్మం ముందు నిలబడింది. లోపల లైటు. బయట రెండు జతల చెప్పులు.

"మేడం. భవితకు ఊపిరాడటం లేదు మేడం. పంపు ఇవ్వండి మేడం."

ఏడుసార్లు పిలిచింది. నేను లెక్కపెట్టాను. మేడంగార్లకు కోపం వస్తుందేమోనని ప్రతిసారీ కాస్త మెల్లగా పిలిచింది. నాకు రెండు కిటికీలున్నాయి, ఎనిమిది తాళ్లున్నాయి, నోరు లేదు. ఉంటే ఆ రాత్రి కొండ అదిరేట్టు అరిచేదాన్ని. లోపలికి అడుగుపెడితే ఇంటికి పంపించేస్తామని చెప్పిన మాట ఆ పిల్ల కాళ్లను పట్టుకుంది.

చివరికి తెర ఎత్తింది. రెండు మంచాల మీద నలగని దుప్పట్లు. పిల్లల మందుల సంచి కూడా లేదు. రేష్మా గబుక్కున ఏడ్చేసింది. ఎందుకో తెలుసా? మేడంలను ఏ ఎలుగుబంటో ఎత్తుకుపోయిందని.

ఏడుస్తూనే వెనక్కి పరుగెత్తింది. పిల్లల గుడారం తెర తీసే ఉంది, నా కిటికీలోంచి అంతా కనపడుతోంది. భవిత మాట్లాడలేకపోతోంది. దిండును గోళ్లతో గీకుతోంది. రేష్మాకు అర్థమై కుట్లు పళ్లతో కొరికింది. పంపు జారి పడింది. నాలుగుసార్లు పీల్చాక ఆ పిల్ల భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా నా తాళ్లు ఎంత బిగుసుకున్నాయో, ఒక మేకు ఊడి వచ్చింది.

పొద్దున ప్రసూనాంబ మేడం ఆవులిస్తూ బయటికొచ్చారు. రేష్మా నమస్కారం పెట్టలేదు.

క్యాంపు ముగింపుకు మధ్యాహ్నం తల్లులొచ్చారు. కూతురు చెప్పిందంతా విని మాలకొండమ్మ నా గుమ్మం దగ్గరికి వచ్చి ఒక చెప్పుల జత చేతిలోకి తీసుకుంది.

"ఇవి మీయేనా మేడం?"

"అవును. ఏం?"

"ఒక్కసారి తొడగండి."

అందరూ చూస్తున్నారు. మేడం తొడిగారు. మడమ రెండు వేళ్ల మేర బయటికొచ్చింది.

"ఎండకు తిరిగి కాలు వాచింది."

"రెండు కాళ్లూనా?"

ఎవరూ నవ్వలేదు. మాలకొండమ్మ గొంతు పెంచలేదు. "నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే, ఆ పిల్ల ఏడుసార్లు పిలిచింది ఈ చెప్పుల్నా మేడం?" అంది. ప్రసూనాంబ మేడం నా తాడు పట్టుకుని నిలబడింది. విదిలించుకునే శక్తి నాకు ఉంటే బాగుండేది.

తర్వాత విచారణ అన్నారు. కాగితం మీద ఇలా రాశారు: "నాయకుల గుడారము కారుచున్నందున, విధిలేక అతిథి గృహమునకు మారవలసి వచ్చినది." ఈ ఏడాది క్యాంపు ఫారాలు పంచుతూ హెడ్మాస్టరుగారు దాన్ని తల్లుల ముందు చదివారు. సాక్ష్యానికన్నట్టు నన్ను వరండాలో పడేశారు.

"ఫిబ్రవరి నెల్లో వానేంది సార్?" అంది మాలకొండమ్మ.

"మంచు కురిసిందమ్మా."

"మంచుకు పెద్దోళ్లు పరిగెత్తారు. పిల్లోళ్లు తడవరా?"

హెడ్మాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. అప్పుడు, చెంబు మాట అని నవ్వించిన ఆ తల్లి లేచింది. తన ఫారం సంతకం లేకుండానే బల్ల మీద పెట్టింది. "ముందు పెద్దోళ్లు యాడ పండుకుంటారో రాసియ్యండి సార్. దగ్గితే వినపడాల" అని వెళ్లిపోయింది. తర్వాత ఇంకో తల్లి. ఇంకో తల్లి. బల్ల మీద ఖాళీ ఫారాలు పేరుకున్నాయి. ఈ ఏడు క్యాంపు ఇంకా బయల్దేరలేదు.

మనుషుల సంగతి ఏమో గాని, నా కోపం మాత్రం తగ్గలేదు. నాలుగేళ్లు నాతో అబద్ధమాడించారు. చివరికి ఆ తప్పు కూడా నా గుడ్డ మీదే వేశారు.

నిన్న మధ్యాహ్నం పెద్ద వాన పడింది. ఈ స్టోర్ రూము పైకప్పు ధారగా కారింది. విరిగిన బెంచీలు తడిశాయి, పాత రిజిస్టర్లు తడిశాయి, గోడ మీద సుద్దరాత సగం కరిగిపోయింది. ధార సూటిగా నా మీదే పడింది. హెడ్మాస్టరుగారు తాళం తీసుకుని రావాలి. నన్ను పక్కకు జరిపి, నా కింద నేలను చేత్తో తడిమి చూసుకోవాలి. పొడిగా ఉంది.