పెద్ద డాక్టరు చెయ్యి

పెద్ద వంతెన మునిగిన వరద ఏడాది సంగతి ఇది. సరిగ్గా ఆ వరదనాడే గడియారాల మేస్త్రికి కుడికంటి శుక్లం తీశారు. కన్ను కడిగిన అద్దంలా అయింది. వరద తగ్గి, రోడ్లు ఆరాక, ఎడమ కన్ను కూడా చేయించుకుందామని మళ్ళీ అదే ఆసుపత్రిలో చేరాడు. మేస్త్రి భూతద్దం పెట్టేది ఎడమ కంటికే. అది కాస్తా పాడైతే దుకాణానికి తాళం వేసుకోవలసిందే.

ఆ వార్డులో కళ్ళు సగమే పనిచేసినా నోళ్ళు నిండుగా పనిచేస్తాయి. ఏ మంచం దగ్గర విన్నా ఒకటే గొప్ప: "నాకు పెద్ద డాక్టరుగారే చేశారు, స్వయంగా!" ముఖం మీద గుడ్డ కప్పాక కత్తి ఎవరు పట్టారో ఎవడు చూశాడు?

పక్క మంచం మీది ముసలి గుమాస్తాకు మాత్రం కిందటి వారం నిజంగానే పెద్దాయన చేశాడు. గుమాస్తా మందు సీసా అనుకుని మేస్త్రి బొటనవేలు పట్టుకుని లాగాడు.

"మసకగా ఉందా?" అన్నాడు మేస్త్రి.

"ఉంటే ఉందిలేవయ్యా. మసకైనా పెద్ద చేతి మసక! అందరికీ దొరుకుతుందా?"

సాయంత్రం మేస్త్రి బావమరిది పళ్ళ సంచీతో ఊడిపడ్డాడు. కోతలు కోయడంలో అక్కడి డాక్టర్లంతా అతని ముందు దిగదుడుపే.

"రేపు కూడా పెద్దాయనే చేస్తాడు బావా. కిందటిసారి చెప్పి చేయించలేదూ? నేనంటే ప్రాణం ఆయనకి. వరదనాడు ఏటి అవతల మా కొత్త మందుల దుకాణం ప్రారంభించడానికి వచ్చాడా, వంతెన మునిగిపోయింది. పొద్దుటి నుంచి మర్నాటిదాకా ఒకే కంచం, ఒకే మంచం అనుకో!"

మేస్త్రి మాటల పొదుపరి. "నా కన్ను కోసింది ఆ రోజేగా?" అన్నాడు.

బావమరిది నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది.

ఎదుటి మంచం మీది లారీ డ్రైవరు దిగ్గున లేచాడు. అతనిదీ ఆ వరదనాటి కన్నే; ఇప్పుడు రెండోదానికి వచ్చాడు. "ఆయన అవతల ఉంటే, మరి నా కన్ను ఎవడు కోశాడయ్యా?"

నేల తుడుస్తున్న ఆయా కర్ర ఆపింది. "ఇంకెవరు? చిన్న డాక్టరమ్మ. ఆ రోజు పెద్దాయన కోసింది రిబ్బను ఒక్కటే."

"ఆ పిల్లా! నర్సనుకుని మంచినీళ్ళు తెమ్మన్నానే!"

"తెచ్చిందిగా."

డ్రైవరు అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న కన్ను నలుపుకున్నాడు. "అదీ సంగతి. ఇందాకటి నుంచి ఒకటే దురద!"

గుమాస్తాకు జాలేసింది. "బాధపడకు నాయనా, ఎవరి రాత వాళ్ళది" అని సెలైన్ స్టాండు భుజం తట్టాడు.

"అయిందేదో అయింది బావా," అన్నాడు బావమరిది, పండు మింగి. "రేపు దగ్గరుండి పెద్దాయన చేత చేయిస్తాను. వద్దన్నావా, నా తల కొట్టేసినట్టే."

మేస్త్రి కుడికంటితో గుమాస్తాను చూశాడు. గుమాస్తా ఇంకా స్టాండును ఓదారుస్తూనే ఉన్నాడు. పెద్దాయనను వద్దన్నవాడికి ఆ ఆసుపత్రిలో బయటికి దారి చూపిస్తారని మేస్త్రికి తెలుసు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారింది. పెద్ద డాక్టరు వెనక పదిమందితో వచ్చి, మేస్త్రి మంచం దగ్గర ఆగి, "ఇతనికి నేనే చేస్తాను" అన్నాడు. బావమరిది ఛాతీ విరుచుకున్నాడు.

మేస్త్రి దగ్గాడు. పేగులు నోట్లోకి వచ్చేలా దగ్గాడు. ఆగితే మళ్ళీ దగ్గాడు.

"దగ్గే మనిషి కంట్లో కత్తి పెట్టడం ఎలా సార్?" అంది నర్సు.

"సరే, తగ్గాక చిన్న డాక్టరమ్మ చూసుకుంటుంది," అని పెద్దాయన డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వు రావయ్యా."

"నా అదృష్టం బాబూ!" అంటూ డ్రైవరు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

థియేటరు తలుపు మూసుకునేదాకా మేస్త్రి దగ్గుతూనే ఉన్నాడు. మూసుకున్నాక గొంతు సవరించుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, చిన్న డాక్టరమ్మ గది బయట బల్ల మీద అందరికన్నా ముందు వెళ్ళి కూర్చున్నాడు.