ఫ్లెక్సీ మీది పిల్ల

విశ్వవిద్యాలయం అన్నాక విభాగాలుంటాయి, విభాగాలున్నాక వాటి గొప్ప నలుగురికీ చాటే మనిషి ఉండాలి. బీదర్ దాటాక ఔరాద్ రోడ్డు మీదున్న ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆ పని హేబ్సిబాది. కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఫోన్లలో తిరిగే ఫోటోలు, ఏ విభాగానికి ఏం కావాలన్నా ఆమే చేసిపెట్టాలి. బోర్డు మీద ప్రచార విభాగం అని రాసుంటుంది. లోపలికెళ్లి చూస్తే ఆమె ఒక్కతే, పక్కన ఆయాసపడే కంప్యూటరొకటి. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఆ వేసవిలో మట్టి పరీక్షల విభాగానికి గండం వచ్చిపడింది. ఉన్నది నలుగురే పిల్లలు. ఈసారి ఇరవై మంది చేరకపోతే విభాగం ఎత్తేస్తామని డైరెక్టర్ నవనాథ్ సారు తేల్చేశాడు. చదువుకునే ఆడపిల్ల ఫోటోతో ఫ్లెక్సీ చెయ్యమని, సాయంత్రానికల్లా ప్రింటుకు పోవాలని హేబ్సిబాకు చెప్పాడు. ఆమె కెమెరా పట్టుకుని ల్యాబుకు పోతే అక్కడ నరపురుగన్నది లేదు. పరీక్షలైపోయి నలుగురూ ఎప్పుడో ఊళ్లకు చెక్కేశారు. ఉన్నదల్లా షెకినా.

షెకినా ఆ ల్యాబులో గాజు సీసాలు కడిగి నేల తుడిచే పిల్ల. పదో తరగతితో చదువాగింది. తల్లి సారమ్మకు మోకాళ్లు పట్టేసి గడప దాటలేదు, ఈ పిల్ల పని చేస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ పని ఇప్పించింది హేబ్సిబాయే. ఇద్దరిదీ ఒకటే చర్చి, ఆదివారం పాటలప్పుడు పక్కపక్కన నిలబడేవాళ్లు.

గోడకు వేలాడుతున్న తెల్లకోటు తీసి హేబ్సిబా ఆమె భుజాల మీద వేసింది. ఎర్రమట్టి నీళ్లున్న గాజుగొట్టం చేతికిచ్చింది. నేనెందుకక్కా అని పిల్ల సిగ్గుపడింది. మొకం మంచిగుంది, నవ్వితే చాలంది హేబ్సిబా. ఆ పిల్ల నవ్వింది. ఎంత బాగా నవ్విందంటే, తీసిన హేబ్సిబాకే ముచ్చటేసింది. కింద ‘ఈ మట్టిలోనే నా భవిష్యత్తు’ అని ఆమె అన్నట్టుగా కన్నడంలో రాసిపెట్టింది. మరాఠీ మాట్లాడే కమలనగర్ వైపుకు ఆ భాషలో ఇంకోటి చేసింది. ఎవరి నోట్లోనో మాట పెట్టడం తన వృత్తిలో మామూలే కాబట్టి ఆమెకు అందులో తప్పేమీ కనబడలేదు.

వారం తిరక్కుండా బస్టాండ్లన్నిటా షెకినానే. ఫోన్లలో షెకినానే. చర్చిలో అందరూ డాక్టరమ్మా అని ఆటపట్టించారు. పిల్లకు కూడా నాలుగు రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి. కోర్సులో పదిహేడు మంది చేరారు. ఇంకా ముగ్గురు కావాలి.

తల్లిదండ్రులు వచ్చి చూసే రోజు పెట్టారు. ఖటక్ చించోళి నుంచి దత్తు అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. నవనాథ్ సారు ముందు నడుస్తూ గొప్పలు చెబుతుంటే హేబ్సిబా ఫోటోలు తీస్తూ వెనకాల నడిచింది. ల్యాబు తలుపు తీశారు. లోపల షెకినా గొంతుక్కూర్చుని నేల తుడుస్తోంది. ఆ ఒక్కపూట ఆమెను రావద్దని చెప్పాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

దత్తు ఆ పిల్లను చూశాడు. ఫోను తీసి ఫోటో చూశాడు. మళ్లీ పిల్లను చూశాడు.

“గీ పిల్లనే గద సారూ, మీ ఫోటోల ఉన్నది? చదువు ఒడిసినంక మీరిచ్చే నౌకరి గిదేనా?”

వెటకారానికి కాదు, పాపం నిజంగానే అడిగాడు. తరవాత కూతురి చెయ్యి పట్టుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

నవనాథ్ సారు గదిలోకి పిలిచి నిప్పులు కక్కాడు. సీసాలు కడిగేది కోటు తొడుక్కుని పోజులిస్తుందా, ఎంత ధైర్యం అన్నాడు. కోటు తొడిగింది తానేనని హేబ్సిబా అప్పుడే చెప్పాల్సింది. నాలుకదాకా వచ్చింది. ఇంటి దగ్గర నోయల్, తన మొగుడు, పని లేక ఏడాదిగా కూర్చునే ఉన్నాడు. అతని మొహం గుర్తొచ్చి, తేలు కుట్టిన దొంగలా గమ్మున నిలబడింది. సాయంత్రానికి షెకినాను రేపట్నుంచి రావద్దన్నారు. ఫ్లెక్సీలు మాత్రం దించలేదు. ఇంకా ముగ్గురు చేరాలి కదా!

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం షెకినా ప్రచార విభాగం గడపలో కనబడింది. చిక్కిపోయింది. బట్టల దుకాణంలో అడిగిందట, నర్సింగ్ హోములో తుడిచే పని అడిగిందట. ఎక్కడికి పోయినా చదువుకునే పిల్లవు, నాలుగు రోజులు కూడా ఉండవంటున్నారట. చదవట్లేదని చెబితే ఫోను తీసి చూపిస్తున్నారట. నువ్వు కాదా ఇది అంటే కాదనలేక నేనే అంటే, అబద్ధాలాడే మనిషిని పనిలోకి తీసుకునేది లేదంటున్నారట.

“ఒక్క కాయితం రాసియ్యి అక్కా. ఈమె మా దగ్గర చదువలే, సీసాలు కడిగిందని రాయి. గంతే.”

ఒక్క కాగితం! హేబ్సిబా కంప్యూటర్లో రెండు వాక్యాలు కొట్టింది కూడా. నిజం రాయడం ఎంత తేలికో ఆమెకు అప్పుడే తెలిసింది. కానీ సంతకం, ముద్ర వేసిన ఆ కాగితం దుకాణాల్లో తిరిగితే, ఫ్లెక్సీ అబద్ధమని విశ్వవిద్యాలయమే ఒప్పుకున్నట్టు. ఆ మాట నవనాథ్ సారు చెవిన పడడానికి పూటైనా పట్టదు. రాస్తే తన కూడు పోతుంది, రాయకపోతే ఆ పిల్ల కూడు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోతిలో తోసింది తానైనా సరే, బయటికి లాగే చెయ్యి మాత్రం రాలేదు.

“ఇది రాస్తే నా నౌకరి పోతది షెకినా.”

షెకినా కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని రెండు తిట్టినా బాగుండేది.

“నాది పోయినప్పుడు ఎవ్వరు కాయితం రాయలే అక్కా. ఉత్త నోటిమాటతోనే పోయింది,” అని వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయింది.

హేబ్సిబా ఆ రెండు వాక్యాలూ చెరిపేసింది. జూలై పోయేలోపు ఇరవై ఒక్క మంది చేరారు. విభాగం నిలిచింది. నవనాథ్ సారు అందరి ముందూ ఆమెను మెచ్చుకుని, ఆ ఫోటో కలిసొచ్చింది, వచ్చే ఏడాది కూడా అదే ఉంచమన్నాడు. సరే సార్ అంది. ఆ రోజు తెచ్చుకున్న అన్నం విప్పకుండానే ఇంటికి మోసుకుపోయింది.

రెండు ఆదివారాలు షెకినా చర్చికి రాలేదు. మూడో ఆదివారం ప్రార్థన కాగానే హేబ్సిబా వాళ్లింటికి వెళ్లింది. అంతా చెప్పేయాలనీ, సారమ్మ కాళ్లు పట్టుకోవాలనీ దారి పొడుగునా అనుకుంటూనే వెళ్లింది. పిల్ల లేదు. ఆడవాళ్లతో కలిసి కందిచేలల్లో కలుపుకు పోతోందట, ఆదివారం అని కూడా చూడకుండా. సారమ్మ మంచం మీద జరిగి చోటిచ్చింది, హేబ్సిబా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వు మనసుల పెట్టుకోకు బిడ్డా. నా పిల్ల అంతా చెప్పింది. ఆ మట్టి పరీక్షలది మూసేసిర్రట గద, గందుకే పని పోయిందట. నువ్వు మస్తు కొట్లాడినవట దాని కోసం.”

సారమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది.

“అవునత్తా,” అంది హేబ్సిబా. “మూసేసిర్రు.”