ఇరవై తులాల నల్లకుచ్చు

నేను ఒక సీసపు గాలాన్ని. రాజ్యాల రాత సింహాసనాల మీద తేలుతుందని నమ్మేవారు నమ్ముదురు గాక. నా ఎరుకలో లోకమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: ఈ పూట నీటిలోకి దిగవలసిన సీసం ఎన్ని తులాలు తూగాలి? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవారి పేర్లు చరిత్రలో మిగలలేదు. వారి ఇళ్లలో ఆ పూట పప్పుచారు వండుకున్నారు.

పూర్వజన్మలో నేను లారీ చక్రాలకు తూకం సరిచేసే బిళ్లలను. భీమిలికి ఉత్తరాన ఒక పల్లెలో ఉండే మసేను అనే జాలరి ఆ బిళ్లలను డబ్బాడు ఏరి తెచ్చి, ఇనుప గరిటెలో కరిగించి, రెండు ఇటుకల నడుమ తొలిచిన గుంటలో ఉక్కుకొక్కెం పడుకోబెట్టి, దాని మీద నన్ను పోశాడు. చల్లారేసరికి తాడు గుచ్చే కన్నంతో నాకొక బండతల ఏర్పడింది. మెడకు నల్లమేక వెంట్రుకల కుచ్చు కట్టాడు. తినదగినది నాలో రవ్వంత లేదు. నీటిలో ఎగిరెగిరి పడుతూ తినదగిన ప్రాణిలా నటించడమే నా వృత్తి. ఇటువంటి వృత్తిలో ఉన్న మనుషులకు శాలువాలు కప్పుతారని విన్నాను.

నాకు నలుగురు తోబుట్టువులు. అందరికన్నా చిన్నది అయిదు తులాలది, తెల్లకోడి ఈకలది, గాలి లేని రోజున లోతు తక్కువ నీటికి. టీ పొట్లం వెండికాగితం చుట్టుకున్న వయ్యారి తేటనీటికి; ఎండ తగిలితే కవ్వ చేపలు మెరిసినట్టే మెరిసేది. మిగిలిన ఇద్దరూ ఎర్రకుచ్చులవాళ్లు, తెల్లవారుజాము మసకకు. నేను కలకనీటికీ, తాడును ఈడ్చుకుపోయే ఒరవడికీ పుట్టినవాణ్ని. వరద నీరు సముద్రంలో కలిసి ఎర్రబడినప్పుడు చేపకు రంగు కనబడదు, నల్లని నీడ ఒక్కటే కనబడుతుంది. ఈ శాస్త్రమంతా మసేను ఎక్కడా రాసుకోలేదు. తాడును చూపుడువేలి మీదుగా జారవిడిచి, అడుగున ఉన్నది ఇసుకో, బురదో, రాతిగుట్టో చెప్పేవాడు. ఆ వేలి ముందు పండితులు నిలబడి మాట్లాడాలని నా దృఢమైన అభిప్రాయం.

ఒక ఏడాది మసేను కళ్లకు పొర కమ్మింది. పడవ అతని మేనల్లుడు దానయ్యది. పడవ ముందుకొమ్మున కూర్చుని గాలం వేసే చోటు ముప్పై ఏళ్లుగా మసేనుది.

"మావా, ఈయాల ఒట్టి సేతుల్తో వొచ్చినావంటే రేపట్నించి ఒడ్డునే కూకుని వలలు బాగుసేసుకో," అన్నాడు దానయ్య, పడవ నీటిలోకి నెడుతూ. "నీకు కళ్లు మసకలొచ్చినాయని ఊరంతా కోడై కూత్తంది."

"నా కళ్లు సేపలికి సూపించాలేటిరా?" అన్నాడు మసేను.

పడవ నెడుతున్న మిగిలినవాళ్లు నవ్వారు. దానయ్య నవ్వలేదు. వలలు బాగుచేసే పాకలో కూర్చున్నవారెవరూ తిరిగి పడవ ఎక్కలేదని అందరికీ తెలుసు, మసేనుకు మరీ బాగా తెలుసు.

ఆ ఉదయం సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. ఒరవడి లేదు, లోతున నీడలు కనిపించేంత తేట. పసివాణ్ని అడిగినా వెండికాగితందే దింపమనేవాడు. మసేను దానయ్య వైపు వీపు తిప్పి, మా అయిదుగురినీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తిరిగేసరికి తాడు చివర వేలాడుతున్నది నేను.

"ఓలమ్మో! గాజునీటిలోకి నల్లబండా?" దానయ్య తల పట్టుకున్నాడు. "మార్సు మావా!"

అప్పటికే మసేను నన్ను నుదుటికి తాకించి నీటిలోకి వదిలేశాడు. మొక్కి వదిలిన మొదటి గాలాన్ని చేప తగలకుండా మార్చకూడదన్నది వారి పడవల కట్టుబాటు. దాన్ని మీరడానికి దానయ్యకు కూడా గుండె చాలదు.

"నీరు తేటగుంటే సేప బెదిరి అడుక్కి దిగిపోద్దిరా," అన్నాడు మసేను తాపీగా. "బరువు కావాల."

నేను దిగాను. ఇరవై బారల లోతులో రాతిగుట్టను తాకాను. మసేను వేలు నన్ను గుట్ట అంచు వెంట తడుముతూ నడిపింది. జానెడు లేపి, వదిలి, మళ్లీ లేపింది. ఒక ఘడియ గడిచింది. మరొకటి గడిచింది. పైన దానయ్య గొణుగుడు తాడు వెంట నా దాకా దిగివచ్చింది. అప్పుడు గుట్ట చాటునుంచి గొర్రెపిల్లంత పార చేప వచ్చి, ఏమాత్రం విచారణ లేకుండా, నన్ను మింగింది.

తాడు మసేను అరచేతులను కోసింది. అతను లాగలేదు, తాడు వదులిచ్చాడు, ఆపాడు, మళ్లీ వదులిచ్చాడు. చేప గుట్ట కిందికి దూరబోయిన ప్రతిసారీ దాని ఆలోచన దానికంటే ముందు అతని వేలికే తెలిసింది. అంత గొప్ప రాజనీతిని నేను మరెక్కడా చూడలేదు. చేప పడవలో పడ్డాక దానయ్య తన తలగుడ్డ చించి మేనమామ చేతులకు కట్టాడు. "రేపు పెందళాడే రా మావా," అన్నాడు. అంతే అన్నాడు.

ఆనాటినుంచి, తేటనీటికి నల్లబండే అన్న ఆ శాస్త్రాన్ని తీరమంతా చాటినవాడు దానయ్యే. ఒక మత్స్యకళాశాల అధ్యాపకురాలు వస్తే ఆమెకూ చెప్పాడు. మసేను అడ్డు చెప్పలేదు; అడిగిందే తడవుగా నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఇప్పుడు నేను ఆ కళాశాల గాజు బీరువాలో, పట్టుగుడ్డ మీద ఉన్నాను. నా కింద చీటీ ఉంది: "తేటనీటికి, ఒరవడి లేని వేళకు: ఇరవై తులాలు, నల్లకుచ్చు. తరతరాల అనుభవసారం." విద్యార్థులు ఏటా దీన్ని రాసుకుని పరీక్షలో మార్కులు తెచ్చుకుంటున్నారు.

ఆ ఉదయం వీపు తిప్పి కూర్చున్న మసేను, ముందు వెండికాగితందానికీ, తరువాత మిగిలిన ముగ్గురికీ వరుసగా తాడు గుచ్చబోయాడు. ఆ మసక కళ్లకు ఎవరి కన్నమూ దొరకలేదు. నా కన్నం పెద్దది.