ఉతికిన బట్టలే మళ్లీ

బీరువాలోంచి ఉతికిన చీరలు రెండు, దుప్పటి ఒకటి తీసి బకెట్‌లో వేసుకున్నాను. సిరోంచలో ఆడమనిషి బకెట్ పట్టుకుని ప్రాణహిత వైపు నడిస్తే ఎవరూ ఏమీ అడగరు. ఉత్త చేతులతో నడిస్తే దారిపొడుగునా సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే నెల రోజులుగా ఉతికిన బట్టలనే మోస్తున్నాను. దుప్పటి కింద రంగుల డబ్బా, కుంచెలు, కాగితాలు.

బొమ్మలు వేయొద్దని మా ఆయన వినయ్‌కుమార్ ఎన్నడూ అనలేదు. "ఫోన్ల ఫోటో ఉండంగ నదికాడికి పోవుడెందుకు? ఇంట్లనే ఏస్కో, చాయ్ అడిగితే జర అందుబాట్ల ఉంటవ్" అన్నాడు, అంతే. కొన్నాళ్లు అలాగే వేశాను. పొయ్యి మీద పప్పు, ఒళ్లో ఫోన్. అందులో నది ఎప్పుడు చూసినా ఒకేలా ఉండేది. విసుగొచ్చి మానేశాను. లోపం నాలోనే ఉందనుకున్నాను.

ఇక్కడ నది నన్ను ఊరుకోనివ్వదు. నీలం కలిపేలోపే నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి. ఇసుకలో పుచ్చ తీగలు, అవతలి తెలంగాణ ఒడ్డున మంచు, మధ్యలో పడవ. ఏది ముందు వేయాలో తెలియక నవ్వొస్తుంది. పెళ్లయిన పద్నాలుగేళ్లుగా ఏ పని ముందు చేయాలో తెలియక ఏడ్చినదాన్ని.

ఈ పొద్దున వెనక అలికిడైతే తిరిగి చూశాను. మా అత్త నర్సక్క, చేతిలో వినయ్ విడిచిన ప్యాంటు.

"ఇది మర్చిపోయినవని తెచ్చిన" అంటూ బకెట్‌లోకి చూసింది. చీరల మడతలైనా విప్పలేదు నేను. "పిండిన బట్టలే మల్ల తెచ్చినవేంది, అరుణా?"

నాకంటూ దొరికే ఈ గంట కూడా పోయిందనుకున్నాను.

"బొమ్మ ఏస్కుందామని, అత్తమ్మా. గిట్లయితే ఎవ్వరడగరని."

ఆమె నా పక్కన బండ మీద కూర్చుంది. బొమ్మను చూసింది, నదిని చూసింది, మళ్లీ బొమ్మను చూసింది.

"గీ బండ మీద నలభై ఏండ్లు బట్టలు పిండిన. మురికి పోయిందా లేదా, గదే చూసిన. తలకాయెత్తి నీళ్ల దిక్కు చూసిననాడు లేదు" అంది. నదిలోని పడవ వైపు వేలు చాపింది. "పడవ నీడ గంత నల్లగ లేదు. జర ఎర్రగ కొడ్తున్నది, చూడు."

నిజమే. ఎర్రమట్టి రంగు కలిపి నీడ దిద్దాను. పడవ నీళ్ల మీద తేలింది. సంతోషం పట్టలేక ఆమె భుజం మీద తల వాల్చాను. ఆమె కదలకుండా కూర్చుంది.

ఇంతలో ఫోన్ మోగింది. వినయ్.

"ఏడున్నవ్? డబ్బా కట్టలే, నాకు ఆఫీసుకు ఆలస్యమైతున్నది. బట్టలు పిండుడు ఇంకా కాలేదా?"

అత్త వైపు చూశాను. ఆమె నదినే చూస్తోంది.

"బట్టలకు రాలే. బొమ్మ ఏయనీకొచ్చిన, రోజూ గందుకే వస్తున్న" అన్నాను. "అన్నం గిన్నెల ఉన్నది, డబ్బాల పెట్టుకోండ్రి. నాకు జర సేపయితది, ఎండ ఇప్పుడే నీళ్ల మీదికొచ్చింది."