బోర్లించిన కప్పు

మార్చి ఇరవై రెండు నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం మాడిన రొట్టె మీద తేనె పోసుకుని తింటుంటే కోడలు పక్కగదిలోంచి పిలిచింది.

"మామయ్యా, ఇది మళ్లీ మూర్ఛపోయింది."

'ఇది' అంటే నా భార్య పాత కంప్యూటరు. పెళ్లయిన కొత్తలో ఆమె దాంట్లో నా కోసం ఒక పదాల ఆట రాసింది. ఇంకో యంత్రంలో అది ఆడదు. ఆమె పోయాక ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయింది, ఆట మిగిలింది. అలాంటి సిస్టమ్‌లు రాయడమే కోడలి ఉద్యోగం. తను రాసింది కూడా లేవకపోతే ఆ ఆట ఇక నాకు లేనట్టే.

"ఏమంటోంది?" అంటూ రొట్టె చేత్తో పట్టుకునే ఆ గదిలోకి వెళ్లాను.

"ఏమీ అనదు, అదే బాధ. నా సిస్టమ్ లేస్తూనే ప్రాసెసర్‌ని నీ పేరేంటని అడుగుతుంది. కొత్తవి టకటకా చెప్తాయి. దీనికి ఆ ప్రశ్నే అర్థం కాదు. బిగుసుకుపోతుంది."

"మీ అత్తయ్యా అంతే. తలుపు కొట్టినప్పుడు ఎవరంటే, నేనే అనేది."

"పనిలో పడితే పిలిచినా మీరు పలకరుగా. మరి ఇంట్లో ఉన్నారో లేదో ఆవిడ ఎలా కనిపెట్టేవారు?"

"బయటికెళ్తూ బల్ల మీద కప్పు బోర్లించేది. నా చెయ్యి ఊరుకోదుగా. తిరిగొచ్చేసరికి కప్పు సరిగ్గా ఉంటే నేనున్నట్టే."

కోడలు కుర్చీలో ఇటు తిరిగింది.

"పాతవాళ్లు చేసిందీ అదే మామయ్యా. ప్రాసెసర్‌లో ఒక గుర్తుంటుంది. తిప్పి చూస్తారు. తిప్పినట్టే ఉంటే కొత్తది, పేరడగొచ్చు. మళ్లీ మొదటికొస్తే పాతది, అడక్కూడదు. ఈ రోజుల్లో ఎందుకులే అని నేనా ముక్క తీసేశాను."

"అంటే నేను పాత రకమన్నమాట."

"అనుమానమా?"

ఆ ముక్క మళ్లీ రాసి మీట నొక్కింది. తెర వెలిగింది. 'పాత ప్రాసెసర్' అని తేల్చుకుని, పేరు అడగకుండా ముందుకెళ్లింది. ఆట లేచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎవరు' అంది. కోడలు నా పేరు కొట్టింది. ఒప్పుకోలేదు. నేను ఆమె చెయ్యి పక్కకి జరిపి 'నేనే' అని కొట్టాను.

మొదటి ప్రశ్న వచ్చింది. కప్పు కనిపిస్తే నిలబెట్టే జీవి, తెలుగులో మూడక్షరాలు.

"మొగుడు," అని కోడలు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

ఇంకా నవ్వుతూనే లేచి, తన టీ కప్పు బల్ల మీద బోర్లించింది. నేను తెర మీంచి చూపు తిప్పకుండానే దాన్ని సరిచేశాను. గడప దగ్గర ఆగి అది చూసి, కోడలు చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.