మూయని డిస్కు

వీరేష్ గుత్తి దగ్గర ఒక కంకర మిషన్‌లో ఆరేళ్ళు పనిచేశాడు. రాళ్ళు పగిలి పొడిలేచే చోట నిలబడి, బెల్టు మీదికి తోసే పని. ముప్పై ఎనిమిదేళ్ళకే నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే స్థితికి వచ్చాడు. అది బీడీల వల్ల వచ్చిన జబ్బని యజమాని రాసిచ్చాడు. వీరేష్ ఏనాడూ బీడీ ముట్టలేదు.

నష్టపరిహారం కోసం వీరేష్ పెట్టిన ఫిర్యాదు మీద విచారణకు వచ్చిన అధికారి అతన్ని గుత్తికి పిలిపించి, నేరుగా సీడీ మీదికి ఎక్కించే మిషన్‌లో అతని మాటలు రికార్డు చేశాడు. భార్య మహేశ్వరిని బయట కూర్చోమన్నారు. మాటలు తెలియలేదు గానీ, దగ్గు మాత్రం ఆమెకు గోడ అవతలికి వినిపిస్తూనే ఉంది. డిస్కును కవరులో పెట్టి సీలు వేసి, ఆ మాటలను తర్వాత కాగితం మీద రాయిస్తామన్నారు. రాయించేలోపే అధికారి బదిలీ అయిపోయాడు. ఆ రికార్డింగ్ మిషన్ చెడిపోయి మూలపడింది. రెండు నెలలకు వీరేష్ చనిపోయాడు.

అనంతపురంలో విచారణ రోజు కొత్త అధికారి సీలు విప్పి, డిస్కును సీడీ ప్లేయర్‌లో పెట్టించాడు. అది కాసేపు తిరిగి ఆగింది. ‘నో డిస్క్’ అని అక్షరాలు వెలిగాయి. పక్కగదిలోంచి ఇంకో ప్లేయర్ తెప్పించారు. అందులోనూ అదే.

"ఇందులో ఏమీ లేదమ్మా. ఖాళీ డిస్కు."

"ఖాళీ ఎట్లుంటాది సార్? నేను బైటనే కూర్చోనుంటి. మాట్లాడినాడు. దగ్గినాడు."

"రెండు ప్లేయర్లూ లేదంటుంటే నేనేం చేయను?"

వాంగ్మూలం లేదని ఫైల్లో రాశారు. బీడీల కాగితం ఒక్కటే మిగిలింది. ఆమె డిస్కు అడిగితే, ఖాళీదే కదా అని సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు.

మర్నాడు మహేశ్వరి గుత్తిలో రాజేంద్ర అంగడికి పోయింది. ఒకప్పుడు పెళ్ళి సీడీలు చేసిచ్చినవాడు, ఇప్పుడు సెల్‌ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నాడు. డిస్కును తిరగేసి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఖాళీ అని ఎవురు చెప్పినారు? చూడుమ్మా, నడుమ నుంచి ఈడిదాకా రంగు ముదురుగా ఉండాది. అంతమేర రికార్డయిండాది."

"మరి ఎందుకు పలకలేదన్నా?"

"రికార్డు చేసినాక డిస్కును మూయాల. అట్ల మూస్తేనే యాడ ఏముండాదో చెప్పే పట్టీ ఒకటి మొదట్లో పడతాది. మామూలు ప్లేయర్లు ముందు ఆ పట్టీనే చూస్తాయి. అది లేకుంటే డిస్కే లేదంటాయి. ఆ సారు మూసేది మర్సిపోయినాడు."

అతను బల్ల కింది నుంచి పాత కంప్యూటర్ బయటికి లాగాడు. మూయని డిస్కును కూడా చదవగలిగే, సీడీలు రాసే డ్రైవు దానిలో ఉంది. మూడోసారికి అది డిస్కును పట్టుకుంది. ముందు కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత వీరేష్ గొంతు. మహేశ్వరి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"రెండేండ్ల కిందటే ఎక్స్‌రే తీసినారు సార్. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము ఉండాది, ఇంక ఆ పనికి పోతే సస్తావని డాక్టరు నాకు చెప్పినాడు. ఆ ఫిలిం మా ఓనరు తీసి పెట్టుకున్నాడు."

"తెలిసి కూడా ఎందుకు వెళ్ళావు?" అధికారి గొంతు.

చాలాసేపు దగ్గు. "మూడేండ్లు వాన లేదు సార్. ఏసిన శెనక్కాయ ఇత్తనం కూడా చేతికి రాల్యా. ఇంట్లో తెలిస్తే నన్ను పనికి పోనీరు. మాయమ్మకు, మహేశ్వరికి చెప్పొద్దండి సార్."

రాజేంద్ర ఆపబోయాడు. "ఉండనీ అన్నా" అంది.

ఆ రెండేళ్ళూ పొద్దున్నే సంగటి కట్టిచ్చి పంపింది తనే. ఏ రోజైనా అతను గడపలో కూలబడితే, టైమయిపోతాందని కసిరింది కూడా తనే. చివరిదాకా విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

రాజేంద్ర ఆ మాటలను కొత్త డిస్కు మీదికి ఎక్కించి మూశాడు. "ఇది ఏ ప్లేయర్లోనైనా పలుకుతాది పోమ్మా" అన్నాడు.

అనంతపురంలో అది పలికింది. అధికారి కొంతసేపు విని, తల వంచుకుని ఆపాడు.

"ఖాళీ డిస్కు తీసుకున్నానని మీరే సంతకం చేశారు. ఇప్పుడు మాటలున్న డిస్కు తెచ్చారు. యజమాని తరఫువాళ్ళు ఒప్పుకోరమ్మా."

"మా ఇంటాయన గొంతే సార్."

"కావచ్చు. కానీ సీలు పోయింది. పరిహారం రాదన్న ఉత్తర్వు కూడా వెళ్ళిపోయింది."

"బీడీలని రాసిన ఆ ఒక్క మాటన్నా కొట్టేయండి సార్."

అతను ఫైలు పక్కన పెట్టి, తర్వాతివాళ్ళను పిలవమన్నాడు.

ఇల్లు చేరేసరికి అత్త సుబ్బలక్ష్మమ్మ వాకిట్లో ఎదురుచూస్తోంది.

"దొరికిందంట కదే నా కొడుకు మాట! టీవీ కింద మన ప్లేయరు ఉండాది కదా, అందులో పెట్టు. ఒక్కసారి వింటా."

మహేశ్వరి గడప దాటకుండా నిలబడిపోయింది.

"మన దాంట్లో ఇది పలకదత్తా" అంది.

ముసలామె డిస్కును చేతిలోకి తీసుకుని రెండువైపులా తడిమి చూసింది. తిరిగి ఇచ్చింది.